పనికి అడ్డొచ్చే రూల్‌ని వంచి, ఆపైన మార్చడం ఎలా? మధ్య స్థాయి ఉద్యోగికి సమగ్ర మార్గదర్శి

కార్మికుల చేతిలో సమ్మె కాకుండా ఇంకో ఆయుధం ఉంది. అందరూ డ్యూటీకి వస్తారు, ఎవరూ పని ఆపరు. కాకపోతే రూల్ పుస్తకంలో ఏం రాసి ఉంటే అది, అక్షరం పొల్లుపోకుండా పాటిస్తారు. దాన్నే వర్క్ టు రూల్ అంటారు. రైల్వేల్లో, పోస్టాఫీసుల్లో, విమానాశ్రయాల్లో చాలా దేశాలవాళ్లు దీన్ని వాడారు. రూల్స్ అన్నీ పాటించడం మొదలుపెట్టగానే పని కుంటుపడుతుంది. మామూలు రోజుల్లో ఆ చోట్లన్నీ నడిచేది, అవసరాన్ని బట్టి రూల్‌ని కాస్త అటూ ఇటూ సర్దే మనుషుల వల్లేనన్నమాట.

మీ ఆఫీసులోనూ ఎవరో ఒకరు ఈపాటికే ఏదో ఒక రూల్‌ని వంచుతూ ఉంటారు. అయితే చాటుగా, ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు. దానివల్ల వాళ్ల పని గడుస్తుంది, రూల్ మాత్రం చెక్కుచెదరదు. పక్క సెక్షన్‌లో కొత్తగా చేరినవాళ్లు మళ్లీ అదే గోడకి తల కొట్టుకుంటారు. ఆ చాటు పనిని వెలుగులోకి తెచ్చి, కొలిచి చూపించి, చివరికి రూల్‌నే మార్పించే దాకా ఎలా వెళ్లాలో ఇక్కడ చెబుతున్నాను. రూల్ మారకుండా ఆగిపోయే వంపు నా దృష్టిలో సగం పనే. ఒక్కోసారి అది ప్రమాదం కూడా, ఎందుకో మూడో మెట్టులో చూస్తారు.

ఇది టీమ్ లీడ్‌లకి, షిఫ్ట్ సూపర్‌వైజర్లకి, సెక్షన్ ఇన్‌ఛార్జ్‌లకి, హెడ్ నర్సులకి, వైస్ ప్రిన్సిపాళ్లకి. అడకత్తెరలో పోకచెక్కల్లాంటి ఉద్యోగాలివి: పైనుంచి టార్గెట్లు, కిందనుంచి గోడు. కానీ ఈ చోటుకో లాభం ఉంది. రూల్ ఎందుకు పెట్టారో పైవాళ్లకి తెలుసు, అది రోజూ ఎక్కడ గుచ్చుకుంటుందో కిందవాళ్లకి తెలుసు. రెండూ తెలుసుకోగలిగేది మధ్యలో ఉన్న మీరొక్కరే.

మొదటి మెట్టు: అది అసలు రూలేనా?

ఇదే అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చే మెట్టు. అయినా చాలామంది దీన్ని దాటేసి నేరుగా యుద్ధానికి దిగుతారు.

“మన దగ్గర అలా కుదరదండీ” అని ఎవరైనా అన్నప్పుడు, దాని వెనక నాలుగు రకాల సంగతుల్లో ఏదో ఒకటి ఉంటుంది. చట్టం కావచ్చు, లేదా ప్రభుత్వ సంస్థ పెట్టిన నిబంధన. కంపెనీ రాతపూర్వకంగా పెట్టుకున్న పాలసీ కావచ్చు. ఎప్పుడో ఒక మేనేజర్ కోపంలో పెట్టిన మెయిల్ కావచ్చు. ఆయన ఉద్యోగం మారిపోయినా ఆ మెయిల్ ఇంకా రాజ్యం చేస్తూ ఉంటుంది. నాలుగోది మరీ విచిత్రం: సాఫ్ట్‌వేర్‌లో ఒక గడి ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వదు కాబట్టి, అది నింపడమే రూల్ అని అందరూ అనుకుంటూ ఉంటారు.

కాబట్టి ముందు అడగాల్సింది “ఇది ఎక్కడ రాసి ఉంది?” అని. అయితే దీన్ని ఇలాగే అడిగితే సవాలు చేసినట్టుంటుంది. “సార్, కొత్తగా వచ్చినవాళ్లకి చూపించాలి, దీని డాక్యుమెంట్ ఎక్కడుందో కాస్త చెబుతారా?” అని అడగండి. డాక్యుమెంట్ దొరికితే మొత్తం చదవండి, ముఖ్యంగా చివరి పేజీలు. “ప్రత్యేక పరిస్థితుల్లో విభాగాధిపతి నిర్ణయం మేరకు” లాంటి వాక్యం ఎక్కడో ఓ మూల దొరకొచ్చు. అది దొరికిందంటే మీకు వంచాల్సిన అవసరమే లేదు, రూలే మీకు దారి ఇచ్చింది.

ఇక డాక్యుమెంట్ దొరకలేదనుకోండి. అప్పుడు మీరు ఎదుర్కొంటున్నది అలవాటుని. అలవాటుని మార్చడానికి అనుమతి అక్కర్లేదు, కొత్త అలవాటు మొదలుపెడితే చాలు. “దీని మీద రాతపూర్వకంగా ఏమీ కనబడలేదు, వచ్చే సోమవారం నుంచి ఇలా చేద్దామనుకుంటున్నాం” అని ఒక మెయిల్ పెట్టి మొదలుపెట్టండి.

రెండో మెట్టు: అది ఎందుకు పుట్టిందో కనుక్కోండి

రూల్స్ ఊరికే పుట్టవు. ఎక్కడో ఏదో జరిగి ఉంటుంది. డబ్బు పోయి ఉంటుంది, కస్టమర్ కోర్టుకెక్కి ఉంటాడు, ఎవరికో దెబ్బ తగిలి ఉంటుంది. ఆ సంఘటన తెలిసినవాళ్లు ఆఫీసులో ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఎక్కువ ఏళ్లుగా ఉన్న అకౌంట్స్ మనిషి, ఆడిట్ వాళ్లు, పాత స్టోర్ కీపర్. వాళ్లతో టీ తాగుతూ మాట్లాడండి. ఫిర్యాదులా కాకుండా కథ వినడానికి వెళ్లినట్టు వెళ్లండి.

ఒక ఉదాహరణ అనుకుందాం, చివరిదాకా దీన్నే పట్టుకుని నడుద్దాం. మీరు కస్టమర్ సర్వీస్ సెక్షన్ చూస్తున్నారు. ఫిర్యాదుకి రాతలో జవాబు వెళ్లాలంటే ముగ్గురి అప్రూవల్ కావాలి: మీరు, క్వాలిటీ విభాగం, లీగల్. చిన్న జవాబుకి కూడా రోజులు పడుతోంది. కనుక్కుంటే తెలిసిందేమిటంటే, ఒకప్పుడు ఎవరో ఉద్యోగి కంపెనీ ఇవ్వలేని నష్టపరిహారాన్ని రాతలో ఒప్పేసుకున్నారు. అది మళ్లీ జరగకూడదని ఈ మూడు సంతకాలు వచ్చాయి.

ఇప్పుడు మీకు స్పష్టంగా కనబడుతోంది. కారణం ఇంకా బతికే ఉంది. రాతలో మాటిచ్చి ఇరుక్కోవడం నిజమైన ప్రమాదమే. కానీ “మీ ఫిర్యాదు అందింది, రేపు టెక్నీషియన్ వస్తాడు” అనే జవాబుకి లీగల్ సంతకం దేనికి? రూల్ ఉద్దేశం మంచిదే, వల మరీ పెద్దదైపోయింది. వంచడానికి అనువైన రూల్స్ చాలావరకు ఇలాంటివే.

కారణం పూర్తిగా చచ్చిపోయిన రూల్ అయితే ఇంకా సులువు. కారణం బతికే ఉండి, రూల్ దాన్ని బాగానే కాపాడుతూ, మీకు మాత్రం చిరాకు తెప్పిస్తోంటే? దాన్ని వదిలేయండి. చిరాకు పుట్టించే ప్రతి రూలూ చెడ్డది కాదు. ఈ తేడా తెలియని మనిషి చెప్పే మాటకి తర్వాత ఎవరూ విలువివ్వరు.

మూడో మెట్టు: ముట్టుకోకూడని గీతలు

ఇక్కడ కాస్త ఆగాలి.

మనుషుల ప్రాణాలకి సంబంధించిన భద్రతా రూల్స్, చట్టం, ఇతరుల వ్యక్తిగత సమాచారం, వేధింపుల ఫిర్యాదులు, మీకో మీ వాళ్లకో డబ్బు చేరే వ్యవహారం. వీటిని మధ్య స్థాయి మనిషి సొంతంగా వంచడానికి లేదు. రూల్ తప్పనిపిస్తే పైకి రాయండి, గట్టిగా వాదించండి, అవసరమైతే ఆ పని చేయనని చెప్పండి. అంతేగాని చాటుగా సర్దకండి. అలాగే రికార్డుని అబద్ధం చేసే ఏ పనీ వంపు కిందకి రాదు. పాత తేదీ వేయడం, చూడకుండా “చూశాను” అని టిక్ పెట్టడం, వేరేవాళ్ల లాగిన్‌తో అప్రూవ్ చేయడం మోసమే. ఉద్దేశం ఎంత మంచిదైనా విచారణలో నిలబడదు.

మంచి ఉద్దేశంతో, అందరికీ తెలిసే జరిగిన సర్దుబాటు కూడా ఎక్కడికి చేరగలదో 1986 జనవరి 28న ప్రపంచం టీవీలో చూసింది. అమెరికా స్పేస్ షటిల్ ఛాలెంజర్ ఎగిరిన 73 సెకన్లకి ముక్కలైంది, ఏడుగురూ చనిపోయారు. రాకెట్ బూస్టర్ అతుకుల్లోని రబ్బరు ఓ-రింగులు చలికి సరిగ్గా మూసుకోలేదు. ఆ రింగులు దెబ్బతింటున్నాయని 1981 నవంబర్‌లో జరిగిన రెండో షటిల్ ప్రయాణం నుంచే ఆధారాలున్నాయి. డిజైన్ ప్రకారం అవి అసలు కాలకూడదు. కాలాయి, అయినా ఏమీ కాలేదు. మళ్లీ కాలాయి, మళ్లీ ఏమీ కాలేదు. ప్రతిసారీ మీటింగ్ పెట్టి, కాగితాల మీద రాసి, “ఈ మేరకు ఫరవాలేదు” అని ముందుకు వెళ్లారు. ప్రయోగం ముందు రోజు రాత్రి బూస్టర్లు తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లు ఈ చలిలో వద్దని వాదించారు. చివరికి వాళ్ల మేనేజర్లే ఆ మాటని పక్కన పెట్టేశారు.

తేడాకి మెల్లగా అలవాటుపడిపోయే ఈ తీరుని సామాజిక శాస్త్రవేత్త డయాన్ వాన్ లోతుగా పరిశీలించి దానికో పేరు కూడా పెట్టారు. మనకి పనికొచ్చేది ఇది: “పోయినసారి ఇలాగే చేశాం, ఏమీ కాలేదు కదా” అన్నది ఆధారం కాదు. మీ వంపుకి ముగింపు తేదీ లేకపోతే, లేదా దాన్ని ఎవరూ కొలవకపోతే, ఏడాది తిరిగేసరికి మీరూ అదే మాట అంటూ ఉంటారు. వంపు రూల్‌గా మారాలి, లేదా ఆగిపోవాలి. మూడో దారి లేదు.

నాలుగో మెట్టు: నష్టాన్ని లెక్కలో చూపించండి

“చాలా ఆలస్యం అవుతోంది సార్” అంటే ఎవరికీ చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మూడు వారాలపాటు ఒక చిన్న పట్టిక రాయండి. ఫిర్యాదు ఎప్పుడొచ్చింది, జవాబు ఎప్పుడు సిద్ధమైంది, ఎవరి దగ్గర ఎన్నాళ్లుంది, అప్రూవల్‌లో ఏమైనా మార్చారా. ఆ చివరి గడి చాలా ముఖ్యం. పంపిన జవాబుల్లో చాలావాటిని క్వాలిటీ, లీగల్ ఒక్క అక్షరం కూడా మార్చకుండా తిప్పి పంపుతున్నాయని తేలిందనుకోండి, మీ వాదన అక్కడే సగం గెలిచినట్టు. ఒకవేళ వాళ్లు తరచూ మార్పులు చేస్తున్నారని తేలితే? మీ టీమ్‌కి ముందు రాయడం నేర్పాలి. అదీ తెలుసుకోవాల్సిన సంగతే, కాస్త చేదుగా ఉన్నా.

ఐదో మెట్టు: ఎలా వంచాలి?

అసలు పనితనమంతా ఇక్కడే. పామూ చావకూడదు, కర్రా విరగకూడదు.

అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి ముందస్తు అప్రూవల్. ఒక్కో జవాబుకి సంతకం అడగడం మానేసి, ఒక్కో రకానికి అడగండి. ఫిర్యాదుల్లో తరచూ వచ్చే రకాలు తీసుకుని, ఒక్కోదానికి ఒక నమూనా జవాబు రాయండి. లీగల్ దగ్గరికి వెళ్లి “మేడమ్, ఈ పది నమూనాలూ ఒకసారి చూసి సరిచేయండి. ఇవే వాక్యాలు వాడినంతకాలం మీ దగ్గరికి పంపం. ఇందులో డబ్బు మాట వస్తే మాత్రం తప్పకుండా పంపుతాం” అనండి. మూడు సంతకాల రూల్ అక్షరంలోనూ ఉంది, ఉద్దేశంలోనూ ఉంది. పోయింది ఆలస్యమే. లీగల్ వాళ్లకి కూడా రోజూ వచ్చిపడే కుప్ప తగ్గుతుంది కాబట్టి వాళ్లే సంతోషిస్తారు.

రెండోది, గడువు పెట్టి తెలియజేయడం. “ఈ ప్రకారం చేద్దామనుకుంటున్నాం. శుక్రవారం సాయంత్రంలోగా అభ్యంతరం ఉంటే చెప్పండి. లేకపోతే సోమవారం మొదలుపెడతాం.” ఈ మూడు వాక్యాల మెయిల్‌కి చాలా బలం ఉంది. అనుమతి ఇవ్వడమంటే బాధ్యత తలకెత్తుకోవడం కాబట్టి చాలామంది జవాబివ్వకుండా ఫైలుని నానబెడతారు. కాదనాలంటే మాత్రం కారణం చెప్పాలి. ఆ బరువుని మీరు అటువైపు జరుపుతున్నారు. అయితే దీన్ని పండగ సెలవుల ముందు రోజు సాయంత్రం పంపి, ఎవరూ చూడలేదని మొదలుపెట్టకండి. అది తెలివి కాదు, తొండి. ఒకసారి అలా చేస్తే ఆ తర్వాత మీ ప్రతి మెయిల్‌నీ భూతద్దం పెట్టి చదువుతారు. జవాబు రాకపోతే గడువుకి ముందు ఒక్కసారి ఫోన్ చేసి “మెయిల్ చూశారా సార్?” అని అడగండి. అలా అడిగినట్టు ఇంకో ముక్క రాసి పెట్టుకోండి.

మూడోది ట్రయల్. “మార్పు” అనగానే బిగుసుకుపోయే మనుషులు “రెండు నెలలు చూద్దాం, బాగోకపోతే పాత పద్ధతే” అంటే మెత్తబడతారు. ట్రయల్ చిన్నదిగా ఉండాలి, ఒక షిఫ్ట్‌కో ఒక టీమ్‌కో పరిమితం కావాలి, వెనక్కి తీసుకోగలిగేదై ఉండాలి.

ఇంకా చిన్నాచితకా దారులున్నాయి. అప్రూవల్ కోసం ఎదురుచూస్తూ ఖాళీగా కూర్చోకుండా, వెనక్కి తీసుకోగలిగిన పనంతా ముందే చేసి పెట్టుకోవడం ఒకటి. ఎవరూ చదవని వారపు రిపోర్ట్ ఉంటే, దాన్ని ఉన్నపళంగా ఆపేయమని కొందరు సలహా ఇస్తారు: ఎవరు అడుగుతారో చూద్దాం అని. నాకు అది నచ్చదు, అడిగింది ఆడిట్ వాళ్లయితే చెప్పడానికి మీ దగ్గర కారణం ఉండదు. దానికన్నా రిపోర్ట్ పైన ఒక లైను పెట్టండి: “దీన్ని వాడుతున్నవాళ్లు దయచేసి చెప్పండి, వచ్చే నెల నుంచి నెలకొకసారే పంపుదామనుకుంటున్నాం.” ఎవరూ పలకలేదంటే మీకు రాతపూర్వకమైన మౌనం దొరికినట్టే.

చేయకూడని వంపు ఒకటి, దాని కథ మాత్రం రంజుగా ఉంటుంది. మాస్కింగ్ టేప్ కనిపెట్టిన త్రీఎమ్ ఉద్యోగి రిచర్డ్ డ్రూకి 100 డాలర్ల దాకా కొనుగోళ్లు సొంతంగా చేసే అధికారం ఉండేదట. పెద్ద యంత్రం కొనడానికి పైనుంచి కాదన్నారు. ఆయన 99 డాలర్ల ఆర్డర్లు వరసగా రాసి ఆ యంత్రాన్ని తెప్పించుకున్నాడని ఆ కంపెనీలో చెప్పుకుంటారు. ఆ టేప్ 1925లో మార్కెట్‌లోకి వచ్చి పెద్ద విజయం సాధించింది కాబట్టి ఇది సరదా కథ అయింది. ఇప్పుడు ఇదే పని మీరు చేస్తే ఆడిట్ భాషలో కొనుగోలు ముక్కలు చేయడం అంటారు, మొదట పట్టుకునేది దాన్నే. గెలిచినవాళ్ల కథల నుంచి ధైర్యం తీసుకోండి, పద్ధతి మాత్రం తీసుకోకండి.

ఆరో మెట్టు: బాస్‌కి ఎంత చెప్పాలి?

“అనుమతి అడగడం కన్నా తర్వాత క్షమాపణ అడగడం తేలిక” అన్న మాట ఆఫీసుల్లో తెగ వినబడుతుంది. దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది అమెరికా నౌకాదళంలో పనిచేసిన కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్. 1952 నాటికే ఆమె కంపైలర్ (ప్రోగ్రామ్‌ని కంప్యూటర్‌కి అర్థమయ్యే కోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్) తయారుచేస్తే, కంప్యూటర్ అలాంటివి చేయలేదంటూ చాలాకాలం ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. అంతటి అడ్డంకులు చూసిన మనిషి ఆ మాట అనడంలో అర్థం ఉంది. కానీ ఆ మాటని పట్టుకునే చాలామందికి ఆమెకున్న పరపతి లేదని గుర్తుపెట్టుకోవాలి. క్షమాపణ పనిచేసేది మూడు షరతులు కుదిరినప్పుడే: జరిగింది వెనక్కి తిప్పగలిగేదై ఉండాలి, అదే మొదటిసారి అయి ఉండాలి, అప్పటికే మీ పని మీద నమ్మకం ఉండాలి.

హ్యూలెట్ ప్యాకర్డ్‌లో చక్ హౌస్ అనే ఇంజనీర్ కథ ఇంకా నేరుగా మన సంగతే. పెద్ద తెర ఉన్న డిస్‌ప్లే మానిటర్ మీద ఆయన పనిచేస్తుంటే, కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన డేవిడ్ ప్యాకర్డ్ ఆ ప్రాజెక్ట్ ఆపేయమన్నారు. హౌస్ సెలవు పెట్టి, నమూనా కారులో వేసుకుని, దారిపొడుగునా కస్టమర్లకి చూపించి ఏం కావాలో అడిగి తెలుసుకున్నాడు. పని ఆపకుండా దాన్ని తయారీ దాకా తీసుకెళ్లాడు. ఆ మానిటర్లు 17,000కి పైగా అమ్ముడయ్యాయి. కొన్నేళ్ల తర్వాత ప్యాకర్డే ఆయనకి ధిక్కారానికి మెడల్ ఇచ్చారు. ఇందులో నాకు నచ్చేది మెడల్ కాదు. ఆయన తన అభిప్రాయంతో బాస్‌ని ఎదిరించలేదు, కస్టమర్లు చెప్పింది చేతిలో పెట్టుకుని ఎదిరించాడు.

మీ విషయానికొస్తే, బాస్‌కి ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించకండి. అనుమతి అడగక్కర్లేదు, చెబితే చాలు. “సార్, చిన్న జవాబుల విషయంలో రెండు నెలలు ఇలా చేసి చూస్తున్నాను. ఏదైనా తేడా వస్తే బాధ్యత నాది. నెలాఖరుకి లెక్కలు చూపిస్తాను.” ఆయన “ఊఁ” అంటే చాలు. కొందరు బాస్‌లు “నాకు చెప్పకు, కానియ్” అంటారు. దాన్ని మద్దతు అనుకోకండి; తేడా వస్తే మీరొక్కరే నిలబడాలని ముందే చెప్పడం అది. అలాంటప్పుడు వంపుని ఇంకా చిన్నది చేయండి. ఇక వద్దని ఆయన స్పష్టంగా చెబితే ఆగాలి. వద్దన్నాక చేసేది వంపు కాదు, అవిధేయత. దానికి పడే మూల్యం వేరు, అది చెల్లించడానికి సిద్ధమో కాదో మీరే తేల్చుకోవాలి.

ఏడో మెట్టు: మీ కింద పనిచేసేవాళ్లని ముందు పెట్టకండి

మధ్య స్థాయి మనుషులు చేసే అన్యాయాల్లో ఇది పెద్దది. నోటితో “అలా పంపేయండి, ఫరవాలేదు” అంటారు. రేపు సమస్య వస్తే మెయిల్‌లో కనిపించేది పంపిన కుర్రాడి పేరు. కాబట్టి ఆదేశం మీ నుంచి, రాతలో, తేదీతో వెళ్లాలి: “ఈ పది రకాల జవాబులు నా అప్రూవల్‌తో నేరుగా పంపవచ్చు. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి.” ఇష్టం లేనివాళ్లు పాత పద్ధతిలోనే చేసుకోవచ్చని కూడా చెప్పండి. కాంట్రాక్ట్ మీద ఉన్నవాళ్లనీ, ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లనీ ట్రయల్‌లో అసలు పెట్టకపోవడం మంచిది. “సరే మేడమ్” అని వాళ్లు అనేది ఒప్పుకుని కాకపోవచ్చు, కాదనలేక కావచ్చు.

ఎనిమిదో మెట్టు: రూల్‌కి కాపలా ఉన్నవాళ్లని కలుపుకోండి

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు. డైరెక్టర్ ఒప్పుకున్నా ఫైనాన్స్‌లో బిల్లు ఆగిపోతుంది. ఆ కాపలా మనిషిని శత్రువుగా చూస్తే అక్కడితో సరి. తప్పు జరిగితే మాట పడేది ఆ మనిషే, తప్పు జరగకపోతే ఎవరూ మెచ్చుకోరు. అలాంటి ఉద్యోగంలో ఎవరైనా కాదనడమే నేర్చుకుంటారు. కాబట్టి ఆ మనిషి భయాన్ని ముందు మీరే పలకండి: “రాతలో డబ్బు మాట దొర్లుతుందేమోనని కదా మీ ఆందోళన? దానికి ఇలా అడ్డుకట్ట వేశాం, చూడండి.”

అంకెలు మన వైపుంటే చాలు, మనుషులు వాళ్లంతట వాళ్లే వస్తారనుకునేవాళ్లకి డాక్టర్ సెమ్మెల్‌వైస్ కథ చెప్పాలి. వియన్నా జనరల్ హాస్పిటల్‌లో ప్రసూతి విభాగం ప్రొఫెసర్ కింద సహాయకుడాయన, అచ్చంగా మధ్యలోని మనిషి. శవపరీక్షలు చేసిన చేతులతోనే విద్యార్థులు కాన్పులు చేస్తున్నారని గుర్తించి, 1847 మే నెలలో క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడుక్కోవాలన్నాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాటిన బాలింతల మరణాలు జూన్‌కి 2 శాతం దగ్గరికి దిగాయి. ఇంతకన్నా గట్టి రుజువు ఎవరైనా ఏం చూపించగలరు? అయినా 1849లో ఆయన ఉద్యోగాన్ని పొడిగించలేదు. తన పరిశోధన మీద పుస్తకం వేయడానికి 1861 దాకా ఆగాడు. ఆపైన తనని ఒప్పుకోని డాక్టర్లని హంతకులని తిడుతూ బహిరంగ లేఖలు రాశాడు. తప్పు వాళ్లదే, నిజం ఆయనదే. కానీ ఆయన మాట ఒప్పుకోవడమంటే “ఇన్నాళ్లూ నా చేతులతో నేనే చంపాను” అని ఒప్పుకోవడం. ఆ మెట్టు దిగడానికి వాళ్లకి ఏ దారీ మిగల్లేదు.

మీరు మాత్రం దారి ఉంచండి. “ఈ రూల్ దండగ” అనకండి. “అప్పట్లో ఇది అవసరమే, ఇప్పుడు జవాబుల సంఖ్య పెరిగింది కాబట్టి సర్దాలి” అనండి. రూల్ పెట్టిన మనిషి ఇంకా అదే ఆఫీసులో ఉంటే ఈ ఒక్క వాక్యం నెలల పోట్లాటని తప్పిస్తుంది.

తొమ్మిదో మెట్టు: ట్రయల్ నడపడం

మొదలుపెట్టకముందే ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసి బాస్‌కీ, కాపలా విభాగానికీ ఇవ్వండి: ఏం మారుస్తున్నాం, ఎప్పటిదాకా, ఏం కొలుస్తాం, ఏం జరిగితే వెంటనే ఆపేస్తాం. ఆపే షరతు రాయడానికి చాలామంది మొహమాటపడతారు. కానీ మీ మాటకి నమ్మకం తెచ్చేది అదే. “డబ్బు గురించి మాటిచ్చిన జవాబు ఒక్కటి నేరుగా వెళ్లినా అదే రోజు పాత పద్ధతికి వెళ్లిపోతాం.”

మంచి అంకెలతోపాటు చెడ్డవీ కొలవండి. జవాబు వెళ్లే సమయం తగ్గింది సరే, మళ్లీ అదే కస్టమర్ ఫోన్ చేయడం పెరిగిందా? తప్పు జవాబులు ఎన్ని వెళ్లాయి? మీరు దాచిన అంకెని ఇంకొకరు మీటింగ్‌లో బయటపెడితే ఆ రోజుతో ట్రయల్ అయిపోయినట్టే.

తేడా జరిగిందనుకోండి. మీ బాస్‌కి ఇంకొకరి నోట తెలిసేలోపే మీరే చెప్పండి. ఏం జరిగింది, ఎవరికి నష్టం, ఇప్పటికి ఏం చేశాం, పాత పద్ధతికి వెళ్లిపోయామా. సంజాయిషీలు ఆ మెయిల్‌లో వద్దు, అడిగినప్పుడు చెప్పుకోవచ్చు.

పదో మెట్టు: వంపుని రూల్‌గా మార్పించండి

ట్రయల్ బాగా జరిగాక అందరూ ఊపిరి పీల్చుకుని ఊరుకుంటారు. అదే తప్పు. ఇప్పుడు మీరు బదిలీ అయితే, వచ్చే మనిషి పాత కాగితం తీసి చూపించి మూడు సంతకాలూ మళ్లీ మొదలుపెడతాడు. అన్యాయం ఏమిటంటే, కాగితం ప్రకారం ఆ మనిషిదే రైటు.

కాబట్టి కొత్త రూల్‌ని మీరే రాసి తీసుకెళ్లండి. పాత వాక్యం ఒకవైపు, కొత్త వాక్యం ఒకవైపు, కింద ట్రయల్ అంకెలు. ఒక పేజీ చాలు. “మార్చండి” అని అడిగితే పని పెట్టినట్టు, రాసిచ్చి “సంతకం చేయండి” అంటే పని తగ్గించినట్టు. కొత్త రూల్‌లో “ఏడాది తర్వాత మళ్లీ చూడాలి” అని ఒక లైను చేర్చండి, మీ రూల్ కూడా ఒకనాటికి ఇంకొకరికి అడ్డం కావచ్చు కదా. పేరు లీగల్‌కీ క్వాలిటీకీ దక్కనివ్వండి. వాళ్ల పేరుమీద వచ్చిన రూల్‌ని వాళ్లే కాపాడతారు.

దీని మీద పెద్ద కమిటీ వేద్దాం అని ఎవరైనా అంటే జాగ్రత్త. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1944లో, అమెరికా గూఢచారి సంస్థ ఓఎస్ఎస్, శత్రువుల చేతిలో ఉన్న సంస్థల పనిని లోపలినుంచే చెడగొట్టే సామాన్యుల కోసం సూచనలు తయారుచేసింది. ప్రతిదీ పద్ధతి ప్రకారమే రావాలని పట్టుబట్టండి, విషయాల్ని కమిటీలకి పంపండి, కమిటీని వీలైనంత పెద్దది చేయండి, పోయినసారి తేల్చినదాన్ని మళ్లీ తిరగదోడండి. విధ్వంసం కోసం రాసిన ఆ జాబితా చదివితే చాలా ఆఫీసుల మామూలు సోమవారం గుర్తొస్తుంది. కమిటీ తప్పకపోతే, ముగ్గురు చాలనండి, నిర్ణయానికి ఒక తేదీ అడగండి, అప్పటిదాకా ట్రయల్ కొనసాగించడానికి రాతలో ఒప్పుకోలు తీసుకోండి.

కొత్త రూల్ వచ్చాక పాతది నిజంగా పోయిందో లేదో చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్‌లో ఆ మూడు గడులూ ఇంకా ఉన్నాయేమో ఐటీ వాళ్లని అడగండి, కొత్తవాళ్ల ట్రైనింగ్ స్లైడుల్లో పాత బొమ్మే ఉందేమో తిరగేయండి, ఆడిట్ చెక్‌లిస్ట్ మార్పించండి. మూడు నెలలయ్యాక పక్క సెక్షన్‌కి వెళ్లి ఒక జవాబు ఎలా పంపుతున్నారో కూర్చుని చూడండి. ఇంకా ముగ్గురికీ పంపుతూ ఉంటే వాళ్లని తప్పుపట్టకండి. కొత్త కాగితం వాళ్లదాకా చేరలేదని అర్థం, ఒక కాపీ వాళ్ల చేతికిచ్చి రండి.